అడ్డాకుల కట్టలు, కొండ షాట్లు

నేను ఇంతవరకు తీసిన పెళ్ళి వీడియోలన్నీ ఒకదానికొకటి అతికిస్తే, ఆ వరస విశాఖపట్నంలో బయల్దేరి, భూగోళాన్ని చుట్టేసి, తిరిగి విశాఖపట్నంలోనే ఏదో ఒక కల్యాణమండపం వంటశాల ముందు ఆగుతుంది. అంత తీశాను. తాళి కట్టే క్షణంలో కెమెరా కదలకూడదని ఊపిరి బిగబట్టీ బిగబట్టీ, నా వాటా ఊపిరిలో సగం ఇతరుల పెళ్ళిళ్ళకే ఖర్చయిపోయింది. మోకాళ్ళు రిసెప్షన్లకు పోయాయి. నడుము ఊరేగింపులకు పోయింది. మిగిలిన కాస్త మనిషిని ఒక మధ్యాహ్నం ఇంట్లో పడుకుని, ఆ రోజు ఎవరికీ పెళ్ళి లేనందుకు సంతోషిస్తుండగా డాక్టరమ్మ ఫోన్ చేసింది.

ఆవిడ గుండె డాక్టరు. ఆవిడ పెళ్ళి తీసింది కూడా నేనే.

"సార్, ఒక పది నిమిషాల సినిమా కావాలి. మా పరిశోధన గురించి" అంది.

"సైన్సు సినిమాలు నాకు రావు మేడమ్."

"మా పెళ్ళి వీడియోలో మా మామగారు నవ్వుతున్నట్టు చూపించారు. మీకు రానిదంటూ ఏమీ ఉండదు" అంది. ఆ మాటకు ఎదురు చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

పరిశోధన సంగతి ఆవిడ చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత ఇది. చిన్నప్పుడు గొంతు నొప్పి వస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే కొందరికి జ్వరం, కీళ్ళ నొప్పులు వచ్చి పోతాయి. పోతూ పోతూ గుండెలోని కవాటాలను గీరి పోతాయి. ఆ గీత ఏళ్ళ తరబడి బయటపడదు, లోపల్లోపల గట్టిపడుతుంది, రక్తం వెళ్ళే దారి ఇరుకైపోతుంది. మనిషి ఆయాసపడటం మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది. అలాంటివాళ్ళను ముందుగానే కనిపెట్టగలమా అన్నదే డాక్టరమ్మ బృందం పని. సూట్‌కేసంత ఎకో యంత్రం పట్టుకుని అరకు కొండల్లో ఊరూరా తిరుగుతారు. ఛాతీ మీద ఒక పరికరం ఆనించి, గుండె కొట్టుకునే తీరు తెర మీద చూస్తారు. అయితే చాలా ఊళ్ళలో జనం రావడం లేదు. ఒంట్లో బాగానే ఉన్నవాళ్ళు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళాలో వాళ్ళకు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అర్థం కాలేదు. అది అర్థమయ్యేలా సినిమా తీయడం నా పని అయింది.

వానలు తగ్గాక బయల్దేరాం. జీపు నడిపేది విజయనగరం వైపు మనిషి. నా వయసువాడే. బీడీ కాలుస్తూ, ఆ బీడీతోనే మలుపులు చూపిస్తూ నడుపుతాడు. టైడా ఊరు దాటేసరికి మలుపులు లెక్కపెట్టడం మానేశాను. ఆ ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర మా జీపు వెనక నంబరు ప్లేటు నాకు ఎదురుగా కనిపించిందంటే ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నమ్మరు.

"గురువు గారూ, కళ్ళు మూసుకోండి. నాను కూడా అలాగే తోల్తాను" అన్నాడు డ్రైవరు.

అరకు దాటి ఇంకా లోపలికి పోయాక జీపు ఆగింది. అక్కడి నుంచి నడక. దారి కాఫీ తోటల మధ్య నుంచి పైకి పోతుంది. ఎంత పైకి అంటే, సగం దూరం ఎక్కేసరికి కింద ఎగురుతున్న గద్ద వీపు కనిపించింది. భుజాన కెమెరా. పెళ్ళిళ్ళలో అది కెమెరాలాగే ఉండేది, ఆ కొండ మీద మాత్రం ఎవరో పెద్దాయన ఎక్కి కూర్చుని దిగనంటున్నట్టుంది. డాక్టరమ్మ, ఆవిడ మనుషులు ముందు పోయారు. నాకు ఊపిరి అందలేదు. ఆ మాట చెప్పుకోవడం నామోషీ కదా, అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ప్రతి మలుపులోనూ ఆగి, కెమెరా కంటికి ఆనించి, ఎదురుగా ఉన్న కొండను షాట్ తీయడం మొదలుపెట్టాను. పైనుంచి డాక్టరమ్మ వంగి చూసి, "అబ్బ, ఎంత శ్రద్ధండీ మీకు" అంది.

నా వెనకాల ఒకామె ఎక్కుతోంది. వయసు ముప్పై దాటి ఉంటుంది. నేను ఆగినచోటల్లా ఆమె కూడా ఆగుతోంది. దారి పక్క అడ్డతీగలు అల్లుకుని ఉన్నాయి. విస్తళ్ళు కుట్టే ఆకులు వాటివే. నేను కొండను తీస్తుంటే ఆమె ఆకులు కోస్తోంది. నేను కదిలితే ఆమె కదులుతుంది. పెద్ద బండ దగ్గర ఇద్దరం ఆగాం. వాగు దాటాక ఇద్దరం ఆగాం. పనస చెట్టు దగ్గర నేను ఒక కొమ్మను మరీ ఎక్కువసేపు తీశాను, ఆమె మరీ ఎక్కువ ఆకులు కోసింది. ఆమె కష్టపడి పనిచేయడం నచ్చి ఆమెను కూడా తీశాను. ఊరు చేరేసరికి ఆమె నెత్తి మీద అడ్డాకుల కట్ట ఏనుగు పిల్లంత ఉంది. నా కెమెరా కార్డు నిండా కొండలున్నాయి.

ఊళ్ళో ఆమె అత్త ఎదురొచ్చింది. నోట్లో చుట్ట నిప్పు వైపు లోపలికి పెట్టుకుని, మాట మాత్రం ఎక్కడా కాలకుండా మాట్లాడే మనిషి. నన్ను చూడగానే కోడల్ని చూపించి చెప్పింది.

"బాబూ, ఈ గుంటని తియ్యి. ఈ కొండలో ఇంత పనోళ్ళు లేరు. ఒట్టి సేతుల్తో ఏనాడూ ఇంటికి రాదు. ఈ ఏడు మరీ. మా ఇంట్లో ఇస్తరాకులు గోడెత్తు అయినాయి."

కోడలు తల వంచుకుని కట్ట దించింది. నాలాగే ఆమె కూడా కూర్చోవడానికి ఒక అరుగు చూసుకుంది.

పరీక్షలు బడి వరండాలో పెట్టారు. అప్పుడొక చిక్కు వచ్చింది. సినిమాలో రెండు గుండెలు పక్కపక్కన చూపించాలి, ఒకటి బాగున్నది, ఒకటి జబ్బుది. బాగున్న గుండె కోసం ఎవరినైనా పడుకోమంటే, పడుకున్నవాళ్ళకు జబ్బున్నట్టేనని ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు. అందుకని నేనే చొక్కా విప్పాను. కెమెరా వెనకాల అంతకాలం గడిపాను కదా, ఒక్కసారైనా తెర మీద పడదామనిపించింది. ఛాతీకి జిగురులాంటిది రాశారు. ఆ చల్లదనం హిమాలయాల నుంచి నేరుగా తెప్పించినట్టుంది. డాక్టరమ్మ పరికరం ఆనించి తెర వైపు చూసింది. మొదట నవ్వుతూ చూసింది. తర్వాత నవ్వకుండా చూసింది. తర్వాత పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సార్, మీరు లేవండి. బాగున్న గుండె ఇంకెవరిదైనా తీసుకుందాం" అంది.

పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. గుండెలో ఒకవైపు గోడ కాస్త బద్ధకంగా కదులుతోందట. కిందికి వెళ్ళగానే ఆసుపత్రికి రావాలట, వివరంగా చూడాలట. అలాగేనన్నాను. ఆరోగ్యవంతుడి వేషానికి వెళ్ళి మేకప్ వేసుకోకముందే తిరిగొచ్చినవాడు ఈ భూమ్మీద నేనొక్కడినే అయి ఉంటాను.

ఆ వేషం డ్రైవరుకి దక్కింది. బీడీ పారేసి పడుకున్నాడు. ఆ తెర మీద అతని గుండె కొత్త జీపు ఇంజనులా కొట్టుకుంది. డాక్టరమ్మ మనుషులందరూ చూడ్డానికి వచ్చారు.

"గురువు గారూ, సూసినారా. లోపల ఏటి తళతళ ఉన్నాదో" అన్నాడు లేచి కూర్చుని. అప్పటినుంచి నా సంచి కూడా మోస్తానని వెంటపడ్డాడు, జాలితో.

జబ్బు గుండె వెతుక్కోవలసిన పని లేకపోయింది. కోడలు సినిమాలో పడాలని అత్త ఆమెను చెయ్యి పట్టి లాక్కొచ్చి పడుకోబెట్టింది. డాక్టరమ్మ ఈసారి నవ్వకుండా చాలాసేపు చూసింది. గుండెలో ఒక కవాటం బాగా ఇరుకైపోయింది. ఛాతీ కోయకుండా, తొడ దగ్గర రక్తనాళం నుంచి సన్నటి తీగ పంపి, దాని చివరి బుడగను ఉబ్బించి ఆ ఇరుకును విడదీయవచ్చు. ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు. ఆలస్యం చేయకూడదు. చలికాలంలో రొంప పట్టి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగితే ప్రాణం మీదికొస్తుంది. ఇదంతా డాక్టరమ్మ వివరంగా చెప్పింది. అత్త అంతా విని పెద్దగా నవ్వింది.

"మా కోడలికి ఆయాసమా. అమ్మా, ఆ కట్ట సూడు ముందు."

కోడలు మాత్రం నవ్వలేదు. చీర సర్దుకుని, "ముందు మా వోళ్ళకి సినిమా సూపించండి. ఆళ్ళు సూసినాక ఎల్తాను" అంది. డాక్టరమ్మ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని సరేనంది. అలా ఆ పది నిమిషాల సినిమా ఒక మనిషి గుండెకు పూచీ అయింది.

కిందికి వచ్చాక ఎడిటింగ్‌కి కూర్చున్నాం. రాత్రింబవళ్ళు కాదుగానీ, నా నడుముకి అలాగే గుర్తుంది. డాక్టరమ్మ నేను తెచ్చినదంతా చూసి అడిగింది.

"సార్, ఇన్ని కొండలెందుకు తీశారు?"

"అందంగా ఉన్నాయని."

"ఇది మొక్కజొన్న పొత్తండీ. ఇంత దగ్గరగా, ఇంతసేపు."

ఆవిడ ఆ షాట్లు వరసగా పెట్టించింది. బండ, వాగు, పనస చెట్టు. ప్రతిచోటా వెనకాల ఆకులు కోస్తున్న మనిషి. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఈమె ఆకుల కోసం ఆగడం లేదు సార్. ఊపిరి కోసం ఆగుతోంది. అదే మన సినిమా." తర్వాత నా వైపు తిరిగి, "మీరు ఆసుపత్రికి ఎప్పుడొస్తున్నారు?" అంది.

"ఈ పని అవనీయండి."

అత్త గర్వంగా చెప్పిన మాట, కోడలు ఆకులు కోసే షాట్లు పక్కపక్కన పెట్టి, ఆయాసం ఎలా మొదలవుతుందో డాక్టరమ్మ గొంతుతో చెప్పించాం. తర్వాత డ్రైవరు గుండె, కోడలి గుండె. తర్వాత గొంతు నొప్పిని వదిలేయొద్దన్న మాట. అంతే సినిమా. ఆ కొంచాన్నే పరిశోధనకు సంబంధించిన పెద్దలు ఎన్నిసార్లు మార్చమన్నారో చెప్తే మీకు కూడా నడుము నొప్పి వస్తుంది. ఒకాయన సంగీతం ఆశాజనకంగా ఉండాలన్నాడు. మార్చాను. మరొకాయన మరీ ఆశాజనకంగా ఉందన్నాడు. మళ్ళీ మార్చాను. చివరికి ఏసీ హాల్లో చూశారు. చలికి నా పళ్ళు కొట్టుకున్న చప్పుడు సినిమాలోని గుండె చప్పుడు కంటే పెద్దగా వినిపించింది. బాగుందన్నారు, బిస్కట్లు తిన్నారు, వెళ్ళిపోయారు.

సినిమాని లోకానికి పంచే బాధ్యత డ్రైవరు తీసుకున్నాడు. తన గుండె కొట్టుకునే ముక్కను ఫోన్లో బావమరుదులకు, పినమామలకు, మెకానిక్‌కి, తాను అప్పుడెప్పుడో దింపి వచ్చిన టూరిస్టులకు పంపించాడు. ఉత్తరాంధ్రలో ఫోనున్న ప్రతి ఇంట్లోనూ ఆ గుండె ఒకసారైనా కొట్టుకుంది. అయితే పంపినవాళ్ళందరికీ నా సంగతి కూడా చెప్పాడని తర్వాత తెలిసింది. హీరో ఎవరో చెప్పినప్పుడు ముందు ఎవరిని అనుకున్నారో చెప్పకపోతే ఎలా.

కాఫీ పళ్ళు ఎర్రబడుతున్నప్పుడు సినిమా పట్టుకుని మళ్ళీ కొండెక్కాం. ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు, తెల్ల గుడ్డ, నా మోకాళ్ళు, అన్నీ మోసుకుని. ఆసుపత్రిలో ఆమెకు మంచం సిద్ధంగా ఉంది. సాయంత్రం చూపించి, మర్నాడు ఆమెను తీసుకుని దిగిపోదామని డాక్టరమ్మ లెక్క. వరండాలో గుడ్డ కడుతుండగా కోడలు వచ్చింది.

"కొత్త కాకుండా ఎలా సూత్తాం?" అంది.

ఆ కొండల్లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా పండినదేదైనా ముందు దేవతకు పెట్టకుండా నోట పెట్టరు. మామిడికి మామిడి కొత్త, కందులకు కంది కొత్త, పండగ చేశాకే ఎవరైనా తినేది. ఈ సినిమా కూడా ఈ ఊరి నేల మీద పుట్టింది కాబట్టి, దానికీ కొత్త జరగాలట. అది కంది కొత్తతో పాటే చేయాలట. కంది కొత్త రావాలంటే చలికాలం ముదరాలి. ఆ ఊరి పూజారి ఆమె మామే. ఆయన దూరంగా నిలబడి అవునన్నట్టు తలూపాడు. పూజారి తలూపాక ఇంకెవరు చూస్తారు.

డాక్టరమ్మ అరుగు మీద కూర్చుండిపోయింది. "అంత దాకా ఆగితే ఎలా సార్. ఆ కవాటానికి పండగలు తెలీవు కదా" అంది. ఆవిడ గొంతులో ఆ అలసట ఎప్పుడూ వినలేదు. నాకు అలసట అలవాటే కానీ ఆవిడకు కొత్త.

నేను మామ దగ్గరికి వెళ్ళాను. ఆయన చింతచెట్టు కింద బుట్ట అల్లుకుంటున్నాడు.

"సినిమాకి కొత్త చెయ్యడం ఎప్పటినుంచి ఉంది?" అన్నాను.

"టీవీకి సేసినామా, సెల్లుకి సేసినామా" అని నవ్వాడు. "కోడలడిగింది బాబూ. ఈ ఇంటికి ఒచ్చిన కాణ్ణించి నాకిది కావాలని అడిగిన మనిసి కాదు. ఇదొక్కటీ అడిగింది. కాదనీగలనా?"

కోడలు తోటలో కాఫీ పళ్ళు ఏరుతోంది. ఆమె దగ్గరికి చేరడానికి నేను రెండు కొమ్మల్ని, ఒక మిరియాల తీగని, ఒక గొంగళి పురుగుని షాట్ తీయాల్సి వచ్చింది. ఆమె చూస్తూనే ఉంది.

"నువ్వూ ఆకులే కోత్తన్నావు బాబూ, కెమెరా ఎట్టి" అంది.

నేను ఒక రాయి చూసుకుని కూర్చున్నాను. ఆ మాటకు నా దగ్గర షాట్ లేదు.

"భయమా?" అన్నాను.

"తీగ దూరుస్తారట గదా, దానికి భయం లేదు. ఆ బొమ్మలో నాను ఆకులు కోస్తన్నది ఉన్నాది గదా. ఆ రోజు నీ కెమెరాలో సూసినాను."

"ఉంది. డాక్టరమ్మతో చెప్పి తీయించేస్తాను."

"తియ్యకు. తీసేత్తే మాయత్త నమ్మదు. ఉంచితే..." ఆమె పళ్ళు ఏరడం ఆపలేదు. "ఇన్నాళ్ళూ పనిమంతురాలంటన్నారు. ఊపిరందక కూకున్న దాన్నని ఊరంతా సూత్తారు. రేపు ఆసుపత్రి నించి ఒచ్చినా జబ్బు మనిసే అంటారు. తోటకి రానిత్తారా? బుట్ట ఎత్తనిత్తారా?"

పక్కన రాలిన రెండు పళ్ళు ఏరి ఆమె బుట్టలో వేశాను. ఆమే అడిగింది.

"డాక్టరమ్మ నిన్నూ రమ్మందట గదా. డైవరు సెప్పినాడు. ఎల్నావా?"

"పని ఉంది."

"నాకూ కాపీ కోత ఉన్నాది."

"పెళ్ళిళ్ళ సీజను తల్లీ. అది కానీ..."

"మరి నీకు ఏ కొత్త అవ్వాల?"

ఆమె కూడా బుట్ట దించి కాఫీ చెట్ల నీడలో కూర్చుంది. ఇద్దరికీ ఊపిరి వచ్చింది. కంది కొత్త అయిన మర్నాడు ఇద్దరం దిగుతామని మాట ఇచ్చుకున్నాం. అలా ఒప్పుకున్నందుకు అప్పుడే నాకు నీరసం వచ్చింది.

ఆ మధ్య కాలమంతా డాక్టరమ్మ ఆ ఊరి నర్సుకి ఫోన్ చేసి ఆమెకు మాత్రలు అందేలా చూసుకుంది. నేను పెళ్ళిళ్ళు తీశాను. ప్రతి పెళ్ళిలోనూ వధువుల కంటే పందిరి గుంజల్ని ఎక్కువ తీశానని కంప్లయింట్లు వచ్చాయి.

కంది కొత్త నాడు పొద్దున్నే కందులు ఉడికించి దేవతకు పెట్టారు. తర్వాత నా ల్యాప్‌టాప్‌ని కూడా పీట మీద పెట్టించారు. మామ దానికి బొట్టు పెట్టి, పసుపు నీళ్ళు చల్లాడు. ఆ నీటి చుక్క ఒకటి కీబోర్డులోకి దిగడం నా కళ్ళతో చూశాను. ఆ క్షణంలో నా గుండె గోడలు రెండూ ఏమాత్రం బద్ధకం లేకుండా కదిలాయి. ల్యాప్‌టాప్ బతికింది.

పొద్దు కుంకుతుండగా బడి వరండాలో సినిమా వేశాం. ఊరంతా వచ్చింది. డ్రైవరు ముందు వరసలో కూర్చుని, తన గుండె వచ్చినప్పుడు అటూ ఇటూ తిరిగి అందరి మొహాలూ చూసుకున్నాడు. ముందు మేకలొచ్చినప్పుడు నవ్వారు, తమ ఇళ్ళు కనిపించినప్పుడు పేర్లు పెట్టి పిలుచుకున్నారు. తర్వాత అత్త మొహం తెర నిండా వచ్చింది. ఒట్టి చేతులతో ఏనాడూ ఇంటికి రాదని గర్వంగా చెప్పింది. ఆ వెంటనే బండ దగ్గర ఆగిన కోడలు. వాగు దగ్గర ఆగిన కోడలు. పనస చెట్టుకి చెయ్యి ఆనించి, ఆకు కోయడం మరిచిపోయి, నోరు తెరిచి ఊపిరి లాక్కుంటున్న కోడలు. డాక్టరమ్మ గొంతు ఏదో చెప్తోంది. ఎవరూ వినడం లేదు.

"ఆపు. ఎనక్కి తిప్పు" అంది అత్త.

తిప్పాను. మళ్ళీ చూసింది. మళ్ళీ తిప్పమంది. నోట్లో చుట్ట ఆరిపోయింది.

"ఆ బండ కాడ ఆగినాది. వాగు కాడ ఆగినాది" అని తనలో తాను చెప్పుకుంది. "ఇంటికాడి గోడెత్తు ఆకులూ ఇవేనా?" అని కోడలి వైపు తిరిగింది. "మరి నాకు సెప్పలేదేమే?"

కోడలు కాళ్ళ వైపు చూసుకుంటూ నెమ్మదిగా అంది: "నువ్వు మెచ్చుకుంటన్నావు గదా అత్తా."

అత్త ఆరిన చుట్టని నోట్లోంచి తీసి, చెవి వెనక పెట్టుకుంది. తర్వాత నాతో అంది: "రేపు జీపు ఎన్ని గంటలకి బాబూ?"

మర్నాడు జీపులో వెనక సీట్లో అత్తా కోడలూ, ముందు నేను. డ్రైవరు దారి పొడుగునా గుండెను ఎలా కాపాడుకోవాలో మాకు ఉపన్యాసం ఇచ్చాడు, బీడీ తాగుతూ. అత్త ఒడిలో అడ్డాకుల కట్ట ఉంది. ఆసుపత్రిలో ఊరికే కూర్చోలేనంది.

కోడల్ని లోపలికి తీసుకెళ్ళారు. నా పరీక్ష తర్వాత అన్నారు. వసారాలో బెంచీ మీద అత్త పక్కన కూర్చున్నాను. కూర్చున్నచోటే కొండ ఎక్కి వచ్చినట్టు అలిసిపోయి ఉన్నాం ఇద్దరం. కాపలా అతను వచ్చి ఆకులు ఇక్కడ పెట్టకూడదన్నాడు. ఆమె అప్పుడే కుట్టిన విస్తరాకు ఒకటి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, చెప్పాల్సింది మరిచిపోయి వెళ్ళిపోయాడు.

"ఊరికే కూకోకు. కుట్టు" అని నా చేతిలో ఆకులు, వెదురు పుల్లలు పెట్టింది. నేను కుట్టిన విస్తరి భారతదేశ పటంలా వచ్చింది. రెండోది మరే దేశంలాగానూ రాలేదు. ఆమె వాటి వంక చూడనే లేదు. తలుపు వైపే చూస్తోంది. పుల్ల మాత్రం ఆకుల్లో దిగుతూనే ఉంది. చూడకుండా కుడుతున్నా ఒక్క ఆకూ చిరగలేదు. చివరికి తలుపు తీసి డాక్టరమ్మ బయటికి వచ్చి నవ్వింది. అప్పుడు మాత్రం అత్త చేతిలో ఆకు చిరిగింది.

తర్వాత నా వంతు. ఒక రక్తనాళం పూడుకుపోయిందట, అందులో స్టెంటు అనే స్ప్రింగు వేశారు. నాకు అదేమంత పెద్ద సంగతిగా అనిపించలేదు, ఎందుకంటే పరీక్ష బల్ల మెత్తగా ఉంది, ఎంతో కాలానికి నన్ను ఎవరూ లేవమనలేదు.

కాఫీ చెట్లు మళ్ళీ తెల్లగా పూసినప్పుడు ఆ సినిమాను పక్క ఊళ్ళలో చూపించడానికి డాక్టరమ్మతో వెళ్ళాను. ఈసారి ఆ ఊళ్ళలో జనం వస్తున్నారు. వాళ్ళకు డాక్టరమ్మ చెప్పే మాటల కంటే ఆకుల షాట్ ముందే తెలుసు. ఎవరైనా దారిలో ఆగి ఏదైనా కోస్తుంటే, "ఏటే, గుండె సూపించుకున్నావా?" అని పలకరించుకుంటున్నారట.

తిరిగొస్తూ పాత ఊరు ఎక్కుతుంటే కోడలు మమ్మల్ని దాటి పైకి పోయింది. నెత్తి మీద బుట్ట, చేతులు ఖాళీ. బండ దగ్గర ఆగలేదు, పనస చెట్టు దగ్గర ఆగలేదు. అత్త గుమ్మంలోనే డాక్టరమ్మకి ఎదురైంది, చుట్టతో, ఫిర్యాదుతో.

"డాక్టరమ్మా, బాగానే సేసినావు గానీ, ఇంట్లో ఇస్తరాకులు అయిపోనాయి. ఇప్పుడు ఒక్క ఆకు తేదు. తిన్నగా ఒచ్చేత్తాది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం, మొదటిసారి కోడల్ని చూపించినప్పుడు ఉన్నట్టే ఉంది. తర్వాత కిందికి చూసింది. నేను ఇంకా ఇంటి కింది మలుపులోనే ఉన్నాను, కెమెరా కంటికి ఆనించి.

"మరి నీకేటయినాది బాబూ? నీ గుండె బాగు సేయించుకున్నావు గదా. ఇంకా కొండలే తీత్తన్నావేటి?"

"ఇది మోకాలు అవ్వా" అన్నాను.